గీజరు లెక్కలో మిగిలిపోయిన 3 ఓములు

మీరు అడిగినది మూడు వస్తువుల గురించి. స్నానాలగదిలోని 15 లీటర్ల గీజరు మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ముద్రించి ఉంది. అది పనిచేస్తూ ఉండగా హాలులోని సాకెట్టులో 228 వోల్టులు, గీజరుకు వెళ్లే ఫేజు వైరు మీద క్లాంప్ మీటరుతో (వైరును చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) 7.7 ఆంపియర్లు కొలిచారు. ఆ రెండింటినీ గుణిస్తే 1756 వాట్లు వచ్చాయి, భాగిస్తే 29.6 ఓములు వచ్చాయి. తరువాత గీజరు ప్లగ్గు పీకి, మూత విప్పి, ఎలిమెంటు రెండు కొనల మధ్య మల్టీమీటరుతో చూస్తే 26.6 ఓములే చూపించింది. అలాగే 100 వాట్ల పాత బల్బు లెక్క ప్రకారం 529 ఓములు ఉండాలి గాని మీటరు 38 చూపిస్తోందనీ, ఒక హార్స్ పవర్ సంపు మోటారు లెక్కలో 36 ఓములు, మీటరులో 4 ఓములు వచ్చాయనీ రాసి, సూత్రం తప్పా, మీటరు తప్పా అని అడిగారు.

రెండూ తప్పు కావు. మూడింటిలోనూ లెక్కకూ కొలతకూ తేడా ఉన్నా, ఆ తేడా మూడు చోట్లా మూడు వేర్వేరు కారణాల వల్ల వచ్చింది. బల్బులోని తేడా సహజమైనది. మోటారులోని తేడా మీరు వాడిన సూత్రం అక్కడికి సరిపోకపోవడం వల్ల వచ్చింది. అన్నిటికంటే చిన్నదిగా కనిపించే గీజరు తేడా మాత్రం మీరు వెంటనే పట్టించుకోవలసినది, కాబట్టి ముందుగా దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఈ సమాధానం చదవడం పూర్తయి, నేను చెప్పిన చోట్లు పరీక్షించేవరకు ఆ గీజరు వేయవద్దని కూడా ఇక్కడే చెప్పడం నా బాధ్యత.

సూత్రాలు మీకు తెలిసినవే అయినా, ఏ పదాన్ని ఏ అర్థంలో వాడుతున్నానో చెప్పి ముందుకు వెళతాను. మన ఇళ్లలో ‘కరెంటు పోయింది’, ‘కరెంటు బిల్లు’ అన్నప్పుడు కరెంటు అంటే మొత్తం విద్యుత్తు అనే అర్థం. లెక్కలో కరెంటు అంటే తీగలో ప్రవహించే ఆంపియర్లు మాత్రమే. వోల్టేజీ అంటే రెండు బిందువుల మధ్య ఉండే భేదం. ‘రెండు బిందువుల మధ్య’ అనే ఆ మాటను మరచిపోవడమే మీ లెక్కలో జరిగిన పొరపాటు. ఆ రెండు బిందువుల మధ్య ఉన్న వోల్టేజీని వాటి గుండా పోయే కరెంటుతో భాగిస్తే, వాటి మధ్య ఉన్న రెసిస్టెన్స్, అంటే పాఠ్యపుస్తకాల్లో నిరోధం అని రాసేది, ఓముల్లో వస్తుంది. ఆ రెండింటినీ గుణిస్తే అక్కడ ఖర్చవుతున్న పవరు వాట్లలో వస్తుంది. ఇందులో నుంచే మరో రెండు రూపాలు పుడతాయి. కరెంటును దానితోనే గుణించి రెసిస్టెన్స్‌తో మళ్లీ గుణించినా, వోల్టేజీని దానితోనే గుణించి రెసిస్టెన్స్‌తో భాగించినా వాట్లే వస్తాయి. నాలుగు సూత్రాలనూ విడివిడిగా కంఠస్థం చేయనక్కరలేదు. మొదటి రెండూ తెలిస్తే మిగిలిన రెండూ కాగితం మీద అర నిమిషంలో రాబట్టవచ్చు.

ఇప్పుడు గీజరు సంగతి చూద్దాం. పేరుపలక మీది అంకెల నుంచి మొదలుపెడితే, 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే 26.45 ఓములు వస్తాయి. మీరు ఎలిమెంటు మీద కొలిచినది 26.6. మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే 0.4 ఓమును తీసివేసి రాశానని మీరు చెప్పారు. ఇంత తక్కువ రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు అది తప్పనిసరి, అయినా చాలామంది చేయరు. వేడి చేసే పరికరాల పవరు పేరుపలక మీది అంకె కంటే 5 శాతం ఎక్కువ వరకు, 10 శాతం తక్కువ వరకు ఉండటాన్ని ప్రమాణాలు అనుమతిస్తాయి కాబట్టి, 26.45కూ 26.6కూ మధ్య తేడాను లెక్కలోకి తీసుకోనవసరం లేదు. అంటే మీ ఎలిమెంటు ఆరోగ్యంగా ఉంది. దానిని మార్చమని ఎవరైనా చెబితే వినవద్దు.

అయితే 228ని 7.7తో భాగిస్తే వచ్చిన 29.6 ఓములు దేనివి? ఎలిమెంటువి 26.6 పోగా మిగిలిన 3 ఓములు ఎక్కడ ఉన్నాయి? మీరు 228 వోల్టులు కొలిచినది హాలులో, గీజరు కొనల దగ్గర కాదు. హాలు సాకెట్టుకు వెళ్లే వైరులో ఆ సమయానికి దాదాపు కరెంటు ప్రవహించడం లేదు కనుక, అక్కడ మీరు చూసిన 228 నిజానికి మీ స్విచ్ బోర్డు దగ్గర, అంటే మెయిన్ బోర్డు దగ్గర ఉన్న వోల్టేజీ. కాబట్టి 29.6 ఓములు అనేది బోర్డు నుంచి బయలుదేరి, వైరు, జాయింట్లు, సాకెట్టు, ప్లగ్గు, ఎలిమెంటు దాటి న్యూట్రల్ మీదుగా తిరిగి బోర్డుకు చేరే మొత్తం దారి రెసిస్టెన్స్. మీ భాగహారంలో తప్పేమీ లేదు. అది మీరు అడిగిన ప్రశ్నకు గాక వేరొక ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చింది.

ఈ విషయం కొత్తది కాదని చెప్పడానికి ఒక చిన్న పక్కదారి పడతాను. గియార్గ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉంటూ 1825, 1826 సంవత్సరాల్లో ఈ ప్రయోగాలు చేశాడు. మొదట్లో ఆయన వాడిన వోల్టా ఘటాల (తొలినాటి బ్యాటరీల) బలం కొలుస్తూ ఉండగానే మారిపోయేది. పోగెన్‌డార్ఫ్ అనే భౌతికశాస్త్రవేత్త సలహా మీద వాటిని వదిలి, బిస్మత్, రాగి కడ్డీలు కలిపిన జత ఒక కొనను మరుగుతున్న నీటిలోనూ రెండవ కొనను కరుగుతున్న మంచులోనూ ఉంచి స్థిరమైన మూలాన్ని సాధించాడు. అప్పుడు ఆయన రాసుకున్న సూత్రంలో భాజకంలో ఒకటి కాదు, రెండు పదాలు ఉన్నాయి. ఒకటి పరీక్షిస్తున్న తీగది, రెండవది ఆ తీగ కాక వలయంలో మిగిలినదంతటిది. 1827లో పుస్తకంగా వచ్చిన తరువాత, బడి పుస్తకాలు దానిని కుదించి ఒక్క రెసిస్టెన్స్‌గా నేర్పడం వల్ల ఆ రెండవ పదం మన జ్ఞాపకంలో నుంచి జారిపోయింది. మీ గీజరు విషయంలో ఆ రెండవ పదం విలువే 3 ఓములు.

ఇక అసలు లెక్క. 7.7 ఆంపియర్లు ఆ 3 ఓముల గుండా పోయినప్పుడు అక్కడ 23.1 వోల్టులు రాలిపోతాయి. గీజరుకు అందేది 228 నుంచి 23.1 తీసివేయగా మిగిలిన 204.9 వోల్టులు. గీజరులో నిజంగా నీటిని వేడిచేస్తున్నది 204.9ని 7.7తో గుణించగా వచ్చే సుమారు 1578 వాట్లు. మిగిలిన 178 వాట్లు (7.7 × 7.7 × 3) నీటిలో కాక గోడలోనో, బోర్డులోనో, ప్లగ్గులోనో వేడిగా మారుతున్నాయి. 1578, 178 కలిపితే మీరు మొదట గుణించిన 1756 సరిగ్గా వస్తుంది. మీ అంకెలు ఒకదానితో ఒకటి ఎంత చక్కగా సరిపోతున్నాయో గమనించండి. మీటర్లు తప్పు చూపిస్తున్నాయని అనుమానించడానికి ఇక్కడ తావు లేదు.

ఒక అభ్యంతరాన్ని నేనే ముందుగా ఎత్తుతాను. ఎలిమెంటును మీరు కొలిచినది చల్లగా ఉన్నప్పుడు. పనిచేసేటప్పుడు లోపలి నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన లోహం) తీగ బాగా వేడెక్కి ఉంటుంది, అప్పుడు దాని రెసిస్టెన్స్ కొంత పెరుగుతుంది. కానీ నైక్రోమ్‌ను ఇటువంటి పనికి వాడటానికి ఒక కారణమే దాని రెసిస్టెన్స్ వేడితో పెద్దగా మారకపోవడం. గీజరులో ఆ పెరుగుదల నాలుగైదు శాతానికి మించదు. నాలుగు శాతం అనుకున్నా ఎలిమెంటు 27.7 ఓములు అవుతుంది, దారిలో మిగిలేది 1.9 ఓములు, అక్కడి వేడి 113 వాట్లు. మీకు ఎంత అనుకూలంగా లెక్క వేసినా ప్రమాదం తగ్గుతుందే గాని పోదు.

వైరుకే అంత రెసిస్టెన్స్ ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. బోర్డు నుంచి స్నానాలగదికి వైరు పొడవు సుమారు 22 మీటర్లని రాశారు. వెళ్లే ఫేజు, తిరిగి వచ్చే న్యూట్రల్ కలిపి 44 మీటర్లు. గీజరుకు వాడవలసిన 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 8 ఓములు ఉంటాయి కాబట్టి 44 మీటర్లకు 0.35 ఓము. లైట్ల కోసం వేసే 1 స్క్వేర్ ఎం.ఎం. వైరునే ఎవరైనా పొదుపుకోసం గీజరుకు లాగి ఉన్నా, కిలోమీటరుకు 19.5 ఓముల చొప్పున 0.86 ఓము. ఎంత సన్నని వైరు అనుకున్నా 3 ఓములు రావు, వేడి ఎలిమెంటుతో వేసిన 1.9 కూడా రావు. మిగిలినదంతా ఏదో ఒక జాయింటులో, లేదా రెండు మూడు జాయింట్లలో ఉంది. వైరు 44 మీటర్ల పొడవునా పరచుకున్న వేడి గోడలోకి ఇంకిపోతుంది. గోరంత స్థలంలో కేంద్రీకరించిన వేడికి వెళ్లే దారి లేదు. సీసం కరిగించి అతికే చిన్న సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. 100 వాట్లు ఒక్క స్క్రూ కింద పుడుతున్నాయంటే, అటువంటి నాలుగు ఐరన్లు ఆ స్క్రూకు ఆనించి ఉంచినట్లు.

ఇంట్లోని రక్షణ పరికరాలేవీ దీనిని పట్టుకోలేవని నేను చెప్పినప్పుడల్లా వినేవారు ఆశ్చర్యపోతారు. ఎంసీబీ, అంటే బోర్డులో తనంతట తానే పడే స్విచ్, ఎక్కువ కరెంటు పోయినప్పుడు పడిపోతుంది. లూజు జాయింటు వల్ల కరెంటు పెరగదు, తగ్గుతుంది. మీ గీజరు 228 వోల్టుల వద్ద తీసుకోవలసినది దాదాపు 8.6 ఆంపియర్లు, తీసుకుంటున్నది 7.7. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి ఇది నిశ్చింతగా కూర్చోవలసిన పరిస్థితి. ఆర్‌సీసీబీ, అంటే లీకేజీని పట్టే స్విచ్, ఫేజులో వెళ్లినది న్యూట్రల్‌లో తిరిగి రానప్పుడు పడుతుంది. ఇక్కడ వెళ్లినదంతా తిరిగి వస్తూనే ఉంది, కనుక అదీ కదలదు. ఈ లోపాన్ని బయటపెట్టినది మీరు కాగితం మీద వేసిన భాగహారమే.

పైగా ఇది ఉన్నచోట ఉండిపోయే లోపం కాదు. వేడికి లోహం వ్యాకోచించి, చల్లారాక సంకోచించి, స్క్రూ మరికొంచెం వదులవుతుంది. వేడెక్కిన రాగి మీద నల్లటి పొర కట్టి రెసిస్టెన్స్ పెంచుతుంది. రెసిస్టెన్స్ పెరిగితే మళ్లీ వేడి పెరుగుతుంది. జాయింటు 1 ఓము ఉన్నప్పుడు మీ వలయంలో అక్కడ పుట్టే వేడి 68 వాట్లు, 3 ఓముల వద్ద 178, 6 ఓములకు చేరితే 293 వాట్లు. ఈలోగా గీజరు నీళ్లు ఆలస్యంగా కాగుతాయి గాని పనిచేస్తూనే ఉంటుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవడానికి 2000 వాట్లతో సుమారు 16 నిమిషాలు పడుతుంది, 1578 వాట్లతో 20 నిమిషాలు. నాలుగు నిమిషాల ఆలస్యాన్ని చలికాలం మీదో, లో వోల్టేజీ మీదో నెట్టివేయడం ఎవరికైనా సులువే.

నా అనుభవంలో ఒక ఇంట్లో ఇదే జరిగింది. నీళ్లు కాగడం లేదని ఆ ఇంటివారు రెండుసార్లు ఎలిమెంటు మార్పించారు. ప్లగ్గు బాగుంది, సాకెట్టు బాగుంది, ఫేజు వైరు వెంట ఎక్కడా లోపం కనిపించలేదు. చివరికి మెయిన్ బోర్డు మూత తీస్తే బేకలైట్ కాలిన వాసన వచ్చింది. న్యూట్రల్ లింకులో, అంటే న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీలో, ఆ గీజరు వైరు బిగించిన చోట, ఏడు పోగులలో మూడు మాత్రమే స్క్రూ కింద ఉన్నాయి. రంధ్రంలో పట్టలేదని మిగిలిన నాలుగు పోగులను వైరింగు చేసినవారు కత్తిరించివేశారు. నల్లటి ఇన్సులేషన్ జానెడు పొడవున గట్టిపడి, వేలితో వంచితే పెంకులుగా రాలింది. మనవారు లోపం వెతికేటప్పుడు ఫేజు వెంటే వెళతారు. న్యూట్రల్‌లోనూ అవే ఆంపియర్లు పోతాయి, అక్కడి లూజు జాయింటు కూడా అంతే వేడిని పుట్టిస్తుంది. అయినా దానిని విప్పి చూసేవారు తక్కువ.

మీ ఇంట్లో ఈ 3 ఓములు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవడానికి గోడలు పగలగొట్టనక్కరలేదు. ముందుగా కరెంటు ఆపి, ప్లగ్గు పిన్నులను చూడండి. ఒక పిన్ను ఇత్తడి రంగు పోయి నీలంగానో నల్లగానో మారి ఉన్నా, సాకెట్టు రంధ్రం అంచు గోధుమరంగుకు తిరిగి ఉన్నా సగం వెతుకులాట అక్కడే ముగుస్తుంది. 6 ఆంపియర్ల సాకెట్టుకు కన్వర్టర్ తగిలించి గీజరు నడుపుతున్నట్లయితే మొదటి అనుమానం దాని మీదే ఉండాలి. కంటికి ఏమీ కనిపించకపోతే, గీజరు నడుస్తుండగా వోల్టేజీని మూడు చోట్ల కొలవాలి, అంటే బోర్డులో ఎంసీబీ బయటి కొన దగ్గర, గీజరు సాకెట్టు దగ్గర, గీజరు లోపలి కొనల దగ్గర. ఇది విద్యుత్తు ఉన్న వైర్ల మీద చేసే పని కాబట్టి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. తడి స్నానాలగదిలో గీజరు మూత తీసి మీరు స్వయంగా మొనలు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఆయనకు మరొక పద్ధతి కూడా చెప్పండి, ఎందుకంటే చాలామంది ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మాత్రమే కొలిచి ఊరుకుంటారు. మీటరు మొనలు రెండింటినీ ఒకే ఫేజు దారిలో, ఒకదానిని వైరు రాగి మీద, రెండవదానిని ఆ వైరు బిగించిన ఇత్తడి కొన మీద ఉంచాలి. జాయింటు బాగుంటే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. అక్కడ 15 వోల్టులు కనిపిస్తే దోషి దొరికినట్లే. ఆ 15ను 7.7తో గుణించండి, ఆ ఒక్క స్క్రూ కింద పుడుతున్న 115 వాట్లు కనిపిస్తాయి. అదే పనిని న్యూట్రల్ దారిలోనూ చేయాలి. బిగించేటప్పుడు కాలిన రాగిని అలాగే తిప్పి బిగించకుండా, మెరిసే రాగి వచ్చేవరకు కత్తిరించి, పోగులన్నింటినీ లోపలికి పంపాలి. నల్లబడిన సాకెట్టును శుభ్రం చేసి వాడకూడదు. దాని లోపలి స్ప్రింగు బిగువు వేడికి ఒకసారి పోతే తిరిగి రాదు.

ఈ 178 వాట్లకు డబ్బు కూడా మీరే కడుతున్నారు, ఎందుకంటే మీటరు ఇంటి ముఖద్వారం దగ్గర ఉండి గోడలో పోయినదానినీ లెక్కిస్తుంది. అయితే రోజుకు ఒక గంట చొప్పున నెలకు అది 5.3 యూనిట్లే. బిల్లులో ఆ తేడా మీ కంట పడదు, కాబట్టి బిల్లు చూసి దీనిని కనిపెట్టవచ్చని అనుకోవద్దు.

బల్బు సంగతి తేలిక. 230ని 230తో గుణించి 100తో భాగిస్తే వచ్చే 529 ఓములు బల్బు వెలుగుతున్నప్పటివి. మీ మీటరు చూపిన 38 ఓములు చల్లగా ఉన్నప్పటివి. టంగ్‌స్టన్ తీగ వెలిగేటప్పుడు రెండున్నర వేల డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు దాని రెసిస్టెన్స్ చల్లని విలువకు దాదాపు 14 రెట్లు అవుతుంది. 38ని 14తో గుణించి చూడండి, 532 వస్తుంది. ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కరలేదు. స్విచ్ వేసిన క్షణంలో ఆ బల్బు 230ని 38తో భాగించినంత, అంటే సుమారు 6 ఆంపియర్లు లాగి, కనురెప్పపాటులో 0.43కు దిగిపోతుంది. పాత బల్బులు వెలుగుతూ ఉండగా కంటే స్విచ్ వేయగానే ‘టప్’మని ఎక్కువగా పోయేవి అందుకే. మేస్త్రీలు ఇప్పటికీ సిరీస్ బోర్డులో (పరీక్షించే వస్తువుతో వరుసగా ఒక బల్బును కలిపే బోర్డు) ఎల్ఈడీ బల్బు పెట్టకుండా ఈ పాత బల్బునే దాచుకుని వాడటానికీ ఇదే ఆధారం. పరీక్షించే వస్తువు షార్ట్ అయి ఉంటే బల్బు పూర్తిగా వెలిగి తన రెసిస్టెన్స్ పెంచుకుని కరెంటును అదుపులో ఉంచుతుంది. ఓమ్ సూత్రం బల్బుకు వర్తించదని కొందరు అంటారు. ఏ క్షణానికి ఆ క్షణం వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది ఆ క్షణపు రెసిస్టెన్సే. అది స్థిరంగా ఉండదు, అంతే.

మోటారు దగ్గర మాత్రం మీరు వాడిన రెండు సూత్రాలనూ పక్కన పెట్టాలి. 225 వోల్టుల వద్ద 6.2 ఆంపియర్లు అని రాశారు. భాగిస్తే 36.3 వస్తుంది, గుణిస్తే 1395 వస్తుంది. ఆ 36.3 రెసిస్టెన్స్ కాదు, ఆ 1395 వాట్లు కావు. మీటరు చూపిన 4 ఓములే వైండింగు రాగి తీగ అసలు రెసిస్టెన్స్. మోటారు తిరుగుతున్నప్పుడు దాని చుట్లలోనే, బయటి నుంచి వచ్చే వోల్టేజీని ఎదిరించే మరొక వోల్టేజీ పుడుతుంది. కరెంటును అదుపులో ఉంచేది ప్రధానంగా అదే. ఎదిరించేది లేకపోతే 225ను 4తో భాగించగా 56 ఆంపియర్లు పోవాలి. చుట్ల అయస్కాంత గుణం కొంత ఆపుతుంది గనుక అంత పోదు గాని, ఇసుక పట్టి ఇరుక్కుపోయిన మోటారు నిమిషాల్లో కాలిపోవడానికి కారణం ఆ ఎదురు వోల్టేజీ బాగా తగ్గిపోవడమే.

మోటారులో వోల్టేజీ శిఖరానికి చేరే సమయమూ, కరెంటు శిఖరానికి చేరే సమయమూ ఒకటి కావు, కరెంటు కొంత వెనుకబడి వస్తుంది. అందువల్ల గుణిస్తే వచ్చే 1395ను వోల్ట్-ఆంపియర్లు అనాలి. అందులో నిజంగా పనిగానూ వేడిగానూ మారే భాగాన్ని పవర్ ఫ్యాక్టర్ చెబుతుంది. దానిని తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం కొననక్కరలేదు, మీ ఇంటి ఎలక్ట్రానిక్ మీటరే చాలు. దాని ముఖం మీద ఒక యూనిట్‌కు ఇన్ని పల్సులు అని ముద్రించి ఉంటుంది, మీ మీటరులో 3200 అనుకుందాం. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, ఫ్రిజ్జు, ఇన్వర్టరు కూడా ఆపి, మోటారు ఒక్కటే నడుపుతూ, మీటరు మీది ఎర్రదీపం ఒక నిమిషంలో ఎన్నిసార్లు మెరుస్తుందో లెక్కపెట్టండి. 58 సార్లు మెరిసిందనుకుంటే, 58ని 60తో గుణించి 3200తో భాగిస్తే 1.0875 కిలోవాట్లు, అంటే సుమారు 1088 వాట్లు. దానిని 1395తో భాగిస్తే 0.78, అదే పవర్ ఫ్యాక్టర్. ఆ 1088 వాట్లలో ఒక హార్స్ పవర్, అంటే 746 వాట్లు ఇరుసు మీదికి వస్తే, ఆ మోటారు 69 శాతం సామర్థ్యంతో పనిచేస్తున్నట్లు. ఈ తరగతి చిన్న మోటార్లకు ఇది మామూలే.

ప్రశ్న చివర ఊళ్లోని మీ నాన్నగారి 5 హార్స్ పవర్ బోరు మోటారు గురించి కూడా ప్రస్తావించారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. త్రీ ఫేజు మోటారులో రెండు ఫేజుల మధ్య వోల్టేజీ, ఒక ఫేజు కరెంటు, 1.732, పవర్ ఫ్యాక్టర్, ఈ నాలుగింటినీ గుణించాలి. 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు, 0.83 పవర్ ఫ్యాక్టర్ అయితే సుమారు 4475 వాట్లు లాగుతుంది, అందులో 3730 వాట్లు ఇరుసు మీద పని. గీజరు నుంచి నేర్చుకున్నది ఇక్కడ తలకిందులవుతుంది. వోల్టేజీ పడిపోతే గీజరు తక్కువ కరెంటు తీసుకుని తక్కువ వేడి ఇస్తుంది, దానికి ఏ హానీ లేదు. మోటారు మీద నీటి బరువు మాత్రం వోల్టేజీతో పాటు తగ్గదు, కనుక ఆ పని చేయడానికి అది ఎక్కువ కరెంటు లాగుతుంది. 7.5 ఉండవలసినది 9 ఆంపియర్లయితే పెరిగినది 20 శాతమే అనిపిస్తుంది. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 44 శాతం ఎక్కువ అవుతుంది. లో వోల్టేజీలో మోటార్లు కాలిపోయే కథ ఈ ఒక్క వర్గంలో ఉంది. వ్యవసాయ మోటార్లకు కెపాసిటర్లు బిగించుకోమని విద్యుత్ పంపిణీ సంస్థలు రైతులను అడుగుతూ వచ్చినదీ ఇందుకే. పవర్ ఫ్యాక్టర్ 0.83 నుంచి 0.95కు వస్తే, అదే పనికి లైనులో కరెంటు 7.5 నుంచి 6.55కు తగ్గి, తీగల్లో వృథా అయ్యే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, లైను చివరన ఉన్న రైతుకు వోల్టేజీ కొంచెం పెరుగుతుంది.

మళ్లీ గీజరుకు వస్తాను. క్లాంప్ మీటరుతో మీరు ఫేజు వైరును ఒక్కదానినే పట్టారు, అది సరైన పద్ధతి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఉన్న కేబులును మొత్తంగా పడితే వెళ్లేదీ వచ్చేదీ ఒకదానినొకటి కొట్టివేసి మీటరు సున్నా చూపిస్తుంది, అది చూసి గీజరు కరెంటే తీసుకోవడం లేదని నిర్ధారించినవారిని నేను చూశాను. జాయింట్లు సరిచేయించిన తరువాత అదే వైరును మళ్లీ పట్టి చూడండి. దారిలో మిగిలినది వైరు రెసిస్టెన్స్ మాత్రమే, సుమారు 0.4 ఓము అనుకుంటే, హాలులో 228 వోల్టులు ఉన్నప్పుడు 8.4 ఆంపియర్ల దగ్గర చూపాలి. ఎలిమెంటు వేడికి కొంచెం పెరిగినందుకు 8.1 వరకు తగ్గినా పరవాలేదు. 7.7 దగ్గరే నిలిచి ఉంటే మాత్రం, మరొక జాయింటు ఇంకా మిగిలి ఉందని తెలుసుకుని, న్యూట్రల్ లింకు మూత విప్పించండి.